రేడియో కార్యాలయానికి ఇంటీరియర్: ఏది ముందు తేల్చుకోవాలి, ఏది తరువాతకు వదలవచ్చు

మామూలు కార్యాలయానికి ఇంటీరియర్ చేయించేవారు రంగులు, బల్లలు, దీపాల దగ్గర మొదలుపెట్టినా పెద్దగా నష్టం ఉండదు. రేడియో కార్యాలయానికి అదే వరసలో పని మొదలుపెడితే ఆదిలోనే హంసపాదు పడుతుంది. బల్ల నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు, గోడ రంగు ఒక సెలవు రోజున మార్చుకోవచ్చు. కానీ స్టూడియో గోడ, దాని కింది నేల, దానిలోకి గాలి తెచ్చే డక్టు సరిగా లేవని తెలిస్తే, ప్రసారం ఆపకుండా వాటిని సరిచేయడం దాదాపు అసాధ్యం. అందువల్ల ఈ సలహాలో ఎంపికలను అందం ప్రకారం గాని, ఖర్చు ప్రకారం గాని కాక, తరువాత మార్చడం ఎంత కష్టమన్న దానిని బట్టి వరుసగా పోల్చాను.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. బయటి శబ్దాన్ని లోపలికి రాకుండా ఆపడం ఒక పని, లోపల పుట్టిన శబ్దం గోడలకు తగిలి తిరిగి మైకులోకి రాకుండా పీల్చుకోవడం వేరొక పని. మొదటిదానికి బరువు, సందు లేని అమరిక, గోడకు గోడకు మధ్య ఎడం కావాలి. రెండవదానికి మెత్తగా, గుల్లగా ఉండే పదార్థం కావాలి. గోడ నిండా ఫోమ్ అంటించి, పక్క గదిలో ఫోను మాటలు ఇంకా వినపడుతున్నాయని ఆశ్చర్యపోయేవారు ఈ రెంటినీ ఒకటిగా భావించినవారే. గాలి చొరబడే పదార్థంలో నుంచి శబ్దం కూడా చొరబడుతుంది.

స్టూడియో నడిమధ్యనా, కిటికీ పక్కనా

1932లో లండన్‌లో ప్రారంభమైన బీబీసీ బ్రాడ్‌కాస్టింగ్ హౌస్‌లో స్టూడియోలను భవనం నడిమధ్య, మందపాటి ఇటుక గోడల కట్టడంలో పెట్టి, వాటి చుట్టూ కార్యాలయాల గదులను కట్టారు. ఉద్యోగులకు కిటికీల వెలుగు దొరికింది, వారి గదులే వీధి చప్పుడుకు అడ్డుగోడలయ్యాయి. ఇంత ఆలోచించి కట్టిన భవనంలోనూ, కింద నడిచే బేకర్లూ లైను భూగర్భ రైళ్ల అదురు స్టూడియోల దాకా వచ్చేది. గాలిలో వచ్చే శబ్దానికి అడ్డు కట్టగలిగినవారు కూడా నేల ద్వారా పాకి వచ్చే కంపనాన్ని ఆపలేకపోయారన్నమాట. నేటికీ స్థలం చూసేటప్పుడు ఈ రెండు దారులను విడివిడిగా పరిశీలించాలి.

కిటికీ పక్క స్టూడియోకు తన ఆకర్షణ తనకుంది. వ్యాఖ్యాతకు పగటి వెలుగు కనిపిస్తుంది, దారిన పోయేవారికి స్టూడియో కనిపిస్తుంది, సంస్థకు ప్రచారం లభిస్తుంది. అయితే ఆ గ్లాసును శబ్దం రాకుండా చేయడానికి అయ్యే ఖర్చుతో లోపలి భాగంలో మరొక చిన్న గదినే కట్టుకోవచ్చునేమో లెక్క వేసి చూడాలి. ప్రదర్శన స్టూడియో తప్పదనుకుంటే అది ఒక్కటే ఉండాలని, వార్తలు, రికార్డింగు మాత్రం లోపలి గదుల్లోనే జరగాలని నా అభిప్రాయం.

లోపలి భాగమంతా ఒకే తీరుగా ఉండదు. లిఫ్టు పక్క గోడ, మెట్ల దారి, మరుగుదొడ్ల పైపులు దిగే చోటు, జనరేటరు, కాఫీ యంత్రం ఉండే మూల, పై అంతస్తులో కుర్చీలు జరుపుకునే తరగతి గది, ఇవన్నీ స్టూడియోకు చెడ్డ పొరుగు. సామాన్ల గది, నడవా, ఎక్కువగా వాడని సమావేశ గది మంచి పొరుగు. స్థలం ఒప్పందానికి ముందు ఖాళీ గదిలో ఒక రికార్డరు పెట్టి, పని వేళల్లో ఒక గంట, రాత్రి ఒక గంట ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేసి, హెడ్‌ఫోన్లలో స్థాయి పెంచి వినాలి. పైన ఎవరో చెప్పులు టకటకలాడిస్తూ నడవడం, పైపులో నీరు జారడం, లిఫ్టు ఆగినప్పుడు వచ్చే చిన్న దెబ్బ, ఇవన్నీ చెవికి అలవాటైపోయి వినబడకపోయినా రికార్డింగులో స్పష్టంగా బయటపడతాయి.

ఎత్తును కూడా అప్పుడే కొలవాలి. శ్లాబు నుంచి శ్లాబుకు 3 మీటర్లే ఉంటే, అసలు నేలను గట్టిగా తాకకుండా దాని పైన వేసే విడి నేలకు 10 సెంటీమీటర్లు, లోపలి కప్పుకు, డక్టుకు కలిపి 60 సెంటీమీటర్లు పోగా మిగిలేది 2.3 మీటర్లు, అందులో నలుగురు కూర్చుంటే ఇరుకుగా ఉండడమే కాక గొంతు కూడా డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. పై అంతస్తుల్లో మరొక చిక్కు బరువు. స్టూడియో గోడలు, విడి నేల చాలా బరువు తూగుతాయి కనుక, ఆ శ్లాబు మోయగలదా లేదా అన్నది ఇంటీరియర్ డిజైనరు కాక స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పవలసిన మాట.

గోడ: మూడు దారులు

మొదటి దారి, ఉన్న పార్టిషన్‌నే దిట్టం చేయడం: జిప్సం బోర్డు మరొక పొర, లోపల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన ఉన్ని). రెండవది, గదిలో గది కట్టడం: లోపలి గది నేల రబ్బరు దిమ్మల మీదో స్ప్రింగుల మీదో నిలిచి, దాని గోడలు, కప్పు బయటి గదిని ఎక్కడా గట్టిగా తాకకుండా ఉంటాయి. మూడవది, రెడీమేడ్ బూత్ కొని తెచ్చి నిలబెట్టడం.

ఈ మూడింటి మధ్య తేడా అర్థం కావాలంటే ఒక లెక్క తెలిసి ఉండాలి. ఒంటి గోడ బరువును రెట్టింపు చేస్తే శబ్దం తగ్గేది సిద్ధాంతం ప్రకారం సుమారు 6 డెసిబెల్లు మాత్రమే. మనిషి చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్లు తగ్గాలి. అంటే గోడను లావు చేసుకుంటూ పోవడం వల్ల ఫలితం నత్తనడకన వస్తుంది, బరువు మాత్రం పరుగున పెరుగుతుంది. అదే బరువును రెండు విడి గోడలుగా చేసి మధ్యలో ఖాళీ ఉంచి రాక్‌వూల్ నింపితే ఫలితం ఎన్నో రెట్లు మెరుగవుతుంది. ఒకే ఫ్రేముకు ఇరువైపులా ఒక్కొక్క బోర్డు కొట్టిన సాధారణ పార్టిషన్, గోడ శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌టీసీ కొలమానంలో, 35 దగ్గర ఉంటుంది. రెండు విడి ఫ్రేములు, రెండేసి బోర్డులు, మధ్యలో ఉన్ని ఉన్న గోడ 60 దాటగలదు. ఎస్‌టీసీ అంకె 125 హెర్ట్జ్ కంటే దిగువన ఉండే మంద్ర శబ్దాలను లెక్కలోకి తీసుకోదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పక్క స్టూడియోలో పాటలు మోగుతుంటే ముందుగా దాటివచ్చేది ఆ దిగువ శబ్దమే కాబట్టి, అమ్మకందారు ఒక్క అంకె చూపితే సరిపోదు, దిగువ ఫ్రీక్వెన్సీల పట్టిక కూడా అడగాలి.

రెండు స్టూడియోలు గోడకు గోడ ఆనుకుని ఉండి, రెండింటిలోనూ ఒకే సమయంలో పని జరుగుతుందంటే గదిలో గదికి ప్రత్యామ్నాయం లేదు. పైన గాని, కింద గాని నేల ద్వారా అదురు వచ్చే భవనంలోనూ అంతే. స్టూడియో ఒక్కటే ఉండి, చుట్టూ నడవాలు, సామాన్ల గదులు ఉంటే, రెండు ఫ్రేముల గోడ మంచి తలుపుతో కలిసి చాలావరకు సరిపోతుంది. విడి నేలకు పెట్టే డబ్బును గాలి ఏర్పాటుకు మళ్లించడం మేలు. బూత్ సంగతి వేరు. అద్దె గడువు ముగిస్తే విప్పి తీసుకుపోవచ్చు, కొద్ది రోజుల్లో నిలబడుతుంది, ఒక్కరు కూర్చుని ప్రకటనలకు గొంతు ఇవ్వడానికో, ఫోను ఇంటర్వ్యూ రికార్డు చేయడానికో బాగా పనికివస్తుంది. కానీ చిన్న గది కావడం వల్ల గొంతులో బొంగురు చేరుతుంది, దాని ఫ్యాను చప్పుడు దానికి ఉంటుంది. ముగ్గురు అతిథులతో రోజూ చర్చ నడిపే సంస్థ ప్రధాన స్టూడియోగా బూత్‌ను ఎంచుకోవడం నాకు సరైనదిగా కనిపించదు.

ఏ దారి పట్టినా ఫలితాన్ని తేల్చేది సందులే. 10 చదరపు మీటర్ల గోడలో 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపు ఉందనుకుందాం. తలుపు కింద 1 సెంటీమీటరు సందు ఉంటే దాని వైశాల్యం 90 చదరపు సెంటీమీటర్లు, అంటే మొత్తం గోడలో వెయ్యోవంతు కూడా కాదు. కానీ ఆ ఒక్క సందు చాలు, 60 డెసిబెల్లు ఆపవలసిన గోడ 30 దగ్గరే ఆగిపోవడానికి. గోడకు ఇరువైపులా ఎదురెదురుగా తొలిచిన స్విచ్ బాక్సులు, కేబుళ్లు దాటే రంధ్రాలు, ఫాల్స్ సీలింగ్ దాకా వచ్చి శ్లాబు దాకా వెళ్లకుండా ఆగిన పార్టిషన్, ఇవన్నీ అదే కోవకు చెందినవి. ఫాల్స్ సీలింగ్ వేశాక చివరి లోపం కంటికి కనిపించదు కనుక, సీలింగ్ మూయక ముందే నిచ్చెన ఎక్కి టార్చి వేసి చూడాలి.

తలుపు విషయంలో ఒకటే భారీ తలుపా, మధ్యలో చిన్న ఖాళీ ఉన్న రెండు మామూలు గట్టి తలుపులా అని అడిగితే, స్థలం ఉన్నంతవరకు రెండు తలుపులకే నా ఓటు. ఒకటి తెరుచుకున్నప్పుడు రెండవది మూసి ఉంటుంది. ప్రసారం నడుస్తుండగా ఎవరైనా లోపలికి రావలసి వస్తే నడవాలోని నవ్వులు శ్రోతల దాకా పోవు. భారీ తలుపు తెరిచి ఉన్నంతసేపు లేనట్టే లెక్క.

గ్లాసు

స్టూడియోకు, సాంకేతిక సిబ్బంది కూర్చునే కంట్రోల్ రూముకు మధ్య గ్లాసు కావాలంటే ఫ్యాక్టరీలో సీలు వేసి వచ్చే రెండు పొరల కిటికీ అద్దం చాలదా అని చాలామంది అడుగుతారు. సుమారు 12 మిల్లీమీటర్ల ఖాళీతో వచ్చే అటువంటి అద్దం ప్రధానంగా వేడిని ఆపడానికి ఉద్దేశించినది. స్టూడియోకు రెండు అద్దాల మధ్య కనీసం 100 మిల్లీమీటర్ల ఖాళీ ఉండడం, ఒక్కొక్క అద్దం తన వైపు గోడ ఫ్రేములోనే కూర్చోవడం, రెండింటి మందం వేరువేరుగా ఉండడం అవసరం. మందం ఎందుకు మారాలంటే, ప్రతి అద్దానికి ఒక బలహీనమైన ఫ్రీక్వెన్సీ ఉంటుంది. 6 మిల్లీమీటర్ల అద్దానికి అది సుమారు 2000 హెర్ట్జ్ దగ్గర, 12 మిల్లీమీటర్ల అద్దానికి సుమారు 1000 దగ్గర ఉంటుంది. రెండూ ఒకే మందంతో ఉంటే ఒక అద్దం వదిలేసిన శబ్దాన్నే రెండవది కూడా వదిలేస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గ్లాసు ఈ బలహీనతను కొంత తగ్గిస్తుంది. అద్దాన్ని కాస్త ఏటవాలుగా పెట్టడం దీపాల ప్రతిబింబాలు తగ్గించడానికి, గొంతు నేరుగా తిరిగిరాకుండా చేయడానికి పనికివస్తుంది. శబ్దాన్ని ఆపడంలో దాని పాత్ర స్వల్పం.

గాలి

బడ్జెట్ కోతలు ఎక్కువగా పడేది ఇక్కడే, తరువాత చింతించేదీ ఇక్కడే. సందులు లేకుండా మూసిన గదిలో తలుపు మూయగానే తాజా గాలి ఆగిపోతుంది. ఒక్కొక్క మనిషి కూర్చుని ఉన్నప్పుడు సుమారు 100 వాట్ల వేడిని వదులుతాడు. నలుగురు మనుషులు, రెండు కంప్యూటర్లు, కెమెరా దీపాలు చేరితే అరగంటలోనే ఆవులింతలు మొదలవుతాయి.

గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ చవక, త్వరగా అమరుతుంది. దాని ఫ్యాను మైకు ముందే తిరుగుతుంది, గాలిని మళ్లించే రెక్క టిక్కుటిక్కుమంటుంది, అది బయటి గాలిని లోపలికి తేదు. గంట రికార్డింగుకు దాన్ని ఆపుకోవచ్చునేమో గాని రోజంతా ప్రత్యక్ష ప్రసారం నడిచే గదిలో ఆ ఉపాయం కుదరదు. డక్టు ద్వారా వచ్చే ఏసీకి యంత్రం దూరంగా ఉంటుంది, తాజా గాలి కలపవచ్చు, కానీ డక్టును మామూలు కార్యాలయానికి వేసినట్టు వేస్తే డబ్బు వృథా. స్టూడియోకు కావలసింది పెద్ద డక్టులో నెమ్మదిగా కదిలే గాలి. గాలి గదిలోకి వచ్చే జాలీ దగ్గర దాని వేగాన్ని సగానికి తగ్గిస్తే అక్కడ పుట్టే శబ్దం 15 డెసిబెల్లకు పైగా తగ్గుతుంది. అందుకు డక్టు, జాలీ వైశాల్యం రెట్టింపు కావాలి, ఆ చోటు సీలింగులో ముందే విడిచిపెట్టి ఉండాలి. డక్టు లోపల శబ్దాన్ని పీల్చే పొర, ఒకటి రెండు మలుపులు ఉండాలి. రెండు స్టూడియోలకు ఒకే తిన్నని డక్టు వేస్తే అది ఆ రెంటి మధ్య మాట్లాడుకునే గొట్టంగా మారుతుంది.

డిజైనరుకు లక్ష్యం అంకెలో చెప్పడం మంచిది. నేపథ్య శబ్దాన్ని కొలిచే ఎన్‌సీ కొలమానంలో స్టూడియోకు 15 నుంచి 20, మామూలు కార్యాలయానికి 35 నుంచి 40 అని ఒప్పందంలో రాయించుకుంటే, "చప్పుడు లేదు కదండీ" అన్న వాదనకు తావుండదు.

ఒకే గదా, రెండు గదులా

మైకుల, పాటల శబ్దాలను కలిపి స్థాయి సరిచేసే మిక్సరును వ్యాఖ్యాతే నడుపుకునే ఒంటి గది స్టూడియోకు స్థలం తక్కువ, మనుషులు తక్కువ. నిర్మాత, సాంకేతిక సిబ్బంది వేరే గదిలో ఉండి గ్లాసులోంచి సైగ చేసే ఏర్పాటు నాటకాలకు, శ్రోతల ఫోన్లు తీసుకునే కార్యక్రమాలకు, నలుగురు ఒకేసారి మాట్లాడే చర్చలకు అనువైనది. పాటలు, కబుర్లు ప్రధానంగా నడిపే సంస్థకు కంట్రోల్ రూముతో ఒక పెద్ద స్టూడియో కంటే, ఒకదానికొకటి ప్రత్యామ్నాయంగా పనిచేసే రెండు ఒంటి గది స్టూడియోలు ఎక్కువ ఉపయోగం. ఒకదానిలో మరమ్మతు జరుగుతుంటే రెండవదాంట్లో ప్రసారం సాగుతుంది.

శబ్దాన్ని కంప్యూటర్ నెట్‌వర్క్ ద్వారా పంపే నెట్‌వర్క్ ఆడియో ఈ ఎంపికను కొంత సులభం చేసింది. 2003లో వచ్చిన లైవ్‌వైర్ అనే పద్ధతి నుంచి, వేరువేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా 2013లో వెలువడిన ఏఈఎస్ 67 ప్రమాణం దాకా జరిగిన మార్పు వల్ల, కట్టలు కట్టలుగా ఆడియో తీగలు లాగవలసిన చోట కొద్దిపాటి నెట్‌వర్క్ కేబుళ్లు సరిపోతున్నాయి. ఫ్యాను చప్పుడు చేసే కంప్యూటర్లన్నీ పరికరాలను అరల్లో పేర్చే వేరే ర్యాక్ గదికి పోతాయి. ఆ గదికి విడి ఏసీ, యూపీఎస్, ముందు వెనుక మనిషి నిలబడే చోటు ఉండాలి. విద్యుత్ తీగలను మైకు తీగల పక్కనే సమాంతరంగా నడపకూడదు. దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి.

లోపలి గోడల మీద

గది కొలతలే మొదటి చికిత్స. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక, 3.43 మీటర్ల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100, ఆపై 150 దగ్గర శబ్దం నిలిచి మోగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సమానమైతే మూడు జతల గోడలూ అవే స్వరాల దగ్గర మోగుతాయి. చదరపు గది డ్రాయింగులో ముచ్చటగా ఉంటుంది, మైకులో ఉండదు.

ఫోమ్, రాక్‌వూల్ ప్యానెళ్ల పోలికలో ధర కాక మందం చూడాలి. 5 సెంటీమీటర్ల ఫోమ్ పై ఫ్రీక్వెన్సీలనే బాగా పీలుస్తుంది. మగ గొంతు మూలస్వరం ఉండే 100 హెర్ట్జ్ ప్రాంతాన్ని దాదాపు తాకదు. గోడలన్నిటికీ దాన్నే అంటిస్తే మాటలోని మెరుపు పోయి బొంగురు మాత్రం మిగులుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. గుడ్డ కప్పిన 10 సెంటీమీటర్ల రాక్‌వూల్ ప్యానెళ్లను గోడకు కాస్త ఎడంగా బిగించి, మూలల్లో మరింత మందంగా పెట్టి, గోడలో కొంత భాగాన్ని చిల్లుల చెక్కకో పట్టీల చెక్కకో వదిలితే గొంతు సహజంగా ఉంటుంది. మాటల స్టూడియోకు ప్రతిధ్వని కాలం, అంటే శబ్దం ఆగాక దాని మోత గదిలో అణగడానికి పట్టే సమయం, 0.2 నుంచి 0.4 సెకన్ల మధ్య ఉంటే చాలు. సాధారణ పాలీయురెథేన్ ఫోమ్ వేగంగా అంటుకుని విషపు పొగ వదులుతుంది. ఏ పదార్థానికైనా అగ్ని నిరోధక ధ్రువపత్రం అడగకుండా కొనరాదు. గోడకు గుడ్ల అట్టలు అంటించే సంగతి చర్చకే అనర్హం.

మిగిలిన కార్యాలయం

ఇక్కడ నిర్ణయాలు తేలిక. ప్రకటనల అమ్మకం విభాగం రోజంతా ఫోన్లలో ఉంటుంది కనుక దానిని స్టూడియోకు దూరంగా, వీలైతే తలుపు ఉన్న గదిలో పెట్టాలి. వార్తల విభాగం, కార్యక్రమాల రచయితలు తెరిచిన హాలులో కలిసి కూర్చోవడం పనికి మంచిది, స్టూడియోకు నాలుగడుగుల దూరంలో ఉండడం ఇంకా మంచిది. బయటి అతిథి రిసెప్షన్ నుంచి స్టూడియోకు అందరి బల్లల మధ్య నుంచి నడవకుండా దారి ఉండాలి. ప్రసారం నడుస్తోందని తెలిపే ఎర్ర దీపం స్టూడియో తలుపు మీద ఒక్కటే కాదు, నడవా మలుపులో కూడా ఉండాలి.

స్టూడియో బల్లల్లో నలుచదరపువి చవక, గుర్రపు నాడా ఆకారంవి ఖరీదు. అతిథి ముఖం వ్యాఖ్యాతకు తెరల వెనుక దాగకపోవడమే అసలు పరీక్ష. నలుచదరపు బల్లతో అది సాధ్యమైతే నాడా ఆకారం అవసరం లేదు. బల్ల పైభాగం నున్నగా, గట్టిగా ఉంటే గొంతు దాని మీద పడి మైకులోకి తిరిగి వస్తుంది, కాగితాలు పెట్టినా చప్పుడవుతుంది. కార్క్ గాని, బిగువైన గుడ్డ గాని పరిచినది మంచిది. కుర్చీని కొనే ముందు కూర్చుని, వెనక్కి వాలి, పక్కకు తిరిగి, కిర్రుమంటుందేమో వినాలి. గది ఇంకా పూర్తిగా సిద్ధం కాని సంస్థ, చుట్టుపక్కల శబ్దాన్ని తక్కువగా పట్టుకునేలా నోటికి దగ్గరగా వాడే డైనమిక్ మైకులతో మొదలుపెట్టడం వివేకం. కెమెరాలు పెట్టే ఉద్దేశం ఉంటే, తక్కువ వెలుగులో గుయ్యిమనే డిమ్మర్లను వదులుకుని, మిణుకు లేని ఎల్‌ఈడీ దీపాలను ఎంచుకోవాలి.

చివరి చెల్లింపును ఒక పరీక్షకు ముడిపెట్టి ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఏసీ, దీపాలు, కంప్యూటర్లు, మిక్సరు అన్నీ నడుస్తుండగా, మైకును వ్యాఖ్యాత కూర్చునే చోటే ఉంచి, ఎవరూ మాట్లాడకుండా 2 నిమిషాలు రికార్డు చేయాలి. ఆ తరువాత పక్క గదిలో ఒకరు గట్టిగా మాట్లాడాలి, మరొకరు పాటలు మోగించాలి, ఇంకొకరు పై అంతస్తులో కుర్చీ జరపాలి. ఆ రికార్డింగును డిజైనరు, కాంట్రాక్టరు, చీఫ్ ఇంజినీరు ఒకే గదిలో కూర్చుని హెడ్‌ఫోన్లలో విన్నాకే బిల్లు మీద సంతకం చేయాలి.